కొలంబస్‌కి ఒక బేరింగ్

మా ఊరి సప్తసాగర్ థీమ్ పార్కుకి వచ్చే జనం కంటే దాని భవిష్యత్తు గురించి బెంగపడే జనం ఎక్కువ. ఆ బెంగపడే జనానికి ఒక సంఘం ఉంది. రిజిస్టర్ చేయించాం కూడా. దానికి కార్యదర్శిని నేనే. పేరు భాస్కరం, బస్టాండు ఎదురుగా జెరాక్స్ షాపు. సంఘం కరపత్రాలన్నీ మా షాపులోనే ప్రింటవుతాయి కాబట్టి నా సేవలో స్వార్థం ఉందని గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లు కూడా అంటారు.

పార్కు కాకినాడ రోడ్డులో బైపాస్ దాటగానే ఎడమ చేతి వైపు ఉంటుంది. గేటు మీద ఫైబర్ డాల్ఫిన్. లోపల జెయింట్ వీల్, కప్పు సాసర్లు, టాయ్ ట్రైను, అన్నిటికంటే చివర కొలంబస్. కొలంబస్ అంటే తెలుసుగా, నలభై మంది పట్టే పడవ ఉయ్యాల. అటు చివర పైకి లేస్తే ఇటు చివరివాళ్లకి కడుపులో ఏదో జారుతుంది. నాకు బాగా జ్ఞాపకం. నేను ఎక్కి పదకొండేళ్లయింది.

రెండేళ్ల కిందట పార్కుని నడిపే ఉల్లాస వికాస సంస్థ వాళ్లు ఎవరికీ చెప్పకుండా ఆ డాల్ఫిన్‌కి ఆకుపచ్చ రంగు వేయించారు. దూరం నుంచి చూస్తే కాకరకాయ గాల్లోకి ఎగురుతున్నట్టు ఉండేది. మా సంఘం మూడు రోజులు ధర్నా చేసింది. సంస్థ దిగొచ్చింది. డాల్ఫిన్‌కి నీలం రంగు వేయించి, ఇకముందు ఇలాంటి గొడవ రాకుండా ఒక సర్క్యులర్ కూడా జారీ చేసింది. దాన్ని నేనే లామినేషన్ చేసి షాపులో గోడకి పెట్టాను. అందులో ఇలా ఉంటుంది: 'ఉల్లాస కేంద్రముల యందలి ఏ యంత్రమునందైనను ఏ భాగమునైనను మార్చుటకు పూర్వము, సదరు కేంద్రము యొక్క గుర్తింపు పొందిన అభిమానుల సంపూర్ణ సమ్మతి పొందవలెను.' చదివినప్పుడల్లా నాకు ఛాతీ ఉప్పొంగేది.

ఈ సర్క్యులర్ మొదట తగిలింది అబ్బులుకి.

అబ్బులు ఇరవై రెండేళ్లుగా కొలంబస్ ఆపరేటరు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నూనెగుడ్డతో ఉంటాడు. ఉద్యోగం కాంట్రాక్టుది. రైడు తిరిగినన్నాళ్లే ఆపరేటరు, రైడు లేకపోతే ఆపరేటరూ లేడు. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు అతను మేనేజరు విశ్వపతి గారి గదికి వచ్చాడు. సంఘం పాసుల మీద సంతకాల కోసం నేనూ అక్కడే కూర్చున్నాను.

"పైన ఇరుసు దగ్గర బేరింగు పోయిందండి," అన్నాడు అబ్బులు. "పడవ ఊగుతుంటే ఎక్కినోళ్ల కేకల కంటే దాని కేకలే ఎక్కువగా ఉన్నాయండి. ఆపేశానండి. ఒక్క బేరింగు ఇప్పిస్తే మధ్యాహ్నానికి బిగించేస్తానండి. వేసవి సెలవులు దగ్గరికొస్తున్నాయి కదండి."

విశ్వపతి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లద్దాలు తీశారంటే మామూలు విషయం మాట్లాడరు.

"అబ్బులూ, నువ్వు దీన్ని సాంకేతిక సమస్యగా చూస్తున్నావు. ఇది దార్శనిక సమస్య. బేరింగ్ అనేది పెట్టుబడి. పెట్టుబడికి ముందు పార్కు ఏ దిశలో వెళ్లాలో తేలాలి. ఆ దిశలో కొలంబస్ ఉంటుందా ఉండదా అన్నది తేలాలి. అది తేలాలంటే సంప్రదింపుల ప్రక్రియ జరగాలి. ఏమంటారు కార్యదర్శి గారూ?"

నన్ను కార్యదర్శి గారూ అని పిలిచేది ఆయన ఒక్కరే. మా ఆవిడ కూడా పిలవదు. "అంతే కదండీ," అన్నాను.

అబ్బులు నా వైపు చూశాడు. "దిశేముందండి, పడవ ముందుకీ వెనక్కీ ఊగుతుంది," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మొదటి సమావేశం ఆదివారం ఫుడ్ కోర్టులో పెట్టాం. అజెండాలో ఒకటే అంశం, కొలంబస్‌కి బేరింగ్. అయిదు నిమిషాల్లో అయిపోతుందని ముప్పై టీలే చెప్పాను. మూడొందలు అయ్యాయి.

సభ మొదలవగానే విజయభారతి టీచరు మైకు అందుకున్నారు. ఆవిడ ముప్పై నాలుగేళ్లు భూగోళం చెప్పి రిటైరయ్యారు. జెయింట్ వీల్ అంటే ప్రాణం. "బేరింగ్ సంగతి తరవాత. అసలు ఈ పార్కు పేరేంటి? సప్తసాగర్. ఏడు సముద్రాలు. కొలంబస్ దాటింది ఎన్ని? ఒకటి. మిగతా ఆరింటి మాటేమిటి? ఈ పడవ మన థీముకే విరుద్ధం."

చప్పట్లు మోగాయి. ఫ్లెక్సీల షాపు కొండబాబు కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. కుర్రకారంతా అతని వెనక ఉన్నారు. "టీచరు గారూ, మీ జెయింట్ వీల్ ఏ సముద్రం దాటిందండి? ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. మా కొలంబస్ జోలికొస్తే బాగోదు."

అక్కడితో బేరింగు పక్కకి వెళ్లిపోయింది. మంచు లోకం కట్టాలని ఒకరు, పాతాళ లోకం కట్టాలని ఒకరు అన్నారు. మన ఎండలకి మంచు నిలవదని పాతాళం వాళ్లు, మన వానలకి పాతాళంలో నీళ్లు నిలుస్తాయని మంచు వాళ్లు వాదించారు. చీకటి పడేలోపు సంఘంలో నాలుగు వర్గాలు ఏర్పడ్డాయి, నాలుగింటికీ లెటర్‌హెడ్‌లు కావలసి వచ్చాయి. అబ్బులు చివరి వరస వెనక నిలబడి చెయ్యెత్తి, దించి, మళ్లీ ఎత్తాడు. సభ్యుడు కాదు కాబట్టి నేను మైకు ఇవ్వలేదు. నిబంధన అలాగే ఉంది, రాసింది నేనే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజు పార్కుని కాపాడుకోవాలని గొంతు చించుకున్న మా నూట నలభై మందిలో ఏ ఒక్కరూ రైడు ఎక్కడానికి లోపలికి రాలేదు. సంఘం పాసు మీద వచ్చాం, మాట్లాడాం, టీ తాగాం, వెళ్లాం. నాకు బీపీ. టీచరు గారికి మోకాళ్లు. కొండబాబుకి పడవ ఎక్కితే వాంతి అని అతని స్నేహితులే చెప్పారు.

రెండో సమావేశంలో ఒక న్యాయమైన ప్రశ్న వచ్చింది. చర్చ నడుస్తుండగా జెయింట్ వీల్ మాత్రం తిరుగుతూ ఉంటే అది ప్రచారం చేసుకున్నట్టు కాదా అని కొండబాబు అడిగాడు. విశ్వపతి గారు కళ్లద్దాలు తీశారు. మర్నాడే ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది. 'భవిష్యత్తు నిర్ణయమగు పర్యంతము ఏ యంత్రమూ తన ఉనికిచే సందర్శకులను ప్రభావితము చేయరాదు.' ఎన్నికలప్పుడు నాయకుల విగ్రహాలకి గుడ్డలు కడతారు కదా, అలాగే రైడ్లన్నిటికీ గుడ్డలు కట్టించారు. టాయ్ ట్రైనుకి తెల్ల గుడ్డ. కప్పు సాసర్లకి ఒక్కోదానికి ఒక్కో ముసుగు. జెయింట్ వీల్‌కి ఊళ్లో ఉన్న షామియానాలన్నీ చాలక పక్క మండలం నుంచి తెప్పించారు. ఆ వారం మూడు పెళ్లిళ్లు ఎండలో జరిగాయి.

టికెట్ కొని వచ్చినవాళ్లు గుడ్డల మధ్య తిరిగి వెళ్లిపోయేవారు. ఒకావిడ మనవరాలికి "అది జెయింట్ వీలమ్మా, నిద్రపోతోంది," అని చెబుతుంటే విన్నాను. ఆ పిల్ల చాలాసేపు మెడ ఎత్తి చూసింది. నాకు కొంచెం సిగ్గేసింది. కానీ ఆ సాయంత్రమే మూడో సమావేశం ఉంది.

ఆ మూడో సమావేశం మాకే దిమ్మ తిరిగేలా చేసింది. ఏం చూడాలో తెలియని సందర్శకులు వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. టీచరు గారు కొండబాబుని 'నీకు అక్షాంశానికీ రేఖాంశానికీ తేడా తెలుసా' అని నిలదీస్తే ఈలలు వేశారు. నాలుగో సమావేశానికి ఊరి నుంచి ఆటోలు కట్టుకుని వచ్చారు. మిరపకాయ బజ్జీల బండి వెలిసింది. వర్గానికో రంగు కండువా. కొండబాబు బైపాస్ పొడుగునా ఫ్లెక్సీలు కట్టించాడు. పడవకి రెండు వైపులా సింహాలు, కింద అతని ఫొటో, 'సముద్రమే నీ ముందు చెరువు' అని అక్షరాలు.

విశ్వపతి గారు గేటు దగ్గర నిలబడి జనాన్ని చూసి మురిసిపోయేవారు. "కార్యదర్శి గారూ, గమనించారా. రైడ్లు నడిచిన రోజుల్లో రాని జనం, రైడ్లు ఆపాక వస్తున్నారు. ఈ విషయాన్ని పై అధికారులకి సమగ్రంగా నివేదించాను."

అబ్బులుకి మైకు డ్యూటీ వేశారు. ఒకరి చేతిలోంచి మైకు తీసి ఇంకొకరికి ఇవ్వడం, మధ్యలో కుర్చీలు సర్దడం. మిగతా వేళల్లో కనిపించేవాడు కాదు. ఒకరోజు పొద్దున్నే సమావేశం ఏర్పాట్ల కోసం వెళితే కొలంబస్ ముసుగు లోపల్నుంచి చప్పుడు వినిపించింది. గుడ్డ ఎత్తి చూశాను. పడవ మెల్లగా ఊగుతోంది. సీట్లలో మనుషులకి బదులు ఇసుక బస్తాలు, ఒక్కో బస్తా ఒళ్లో ఇనుప కడ్డీ దించి ఉంది. పడవ నుంచి కిర్రుమన్న శబ్దం కూడా లేదు.

"లారీ మెకానిక్కుల దగ్గర దొరికిందండి బేరింగు," అన్నాడు అబ్బులు, తప్పు చేసినవాడిలా. "పాతదే కానీ గట్టిదండి. మా బావమరిది ఇచ్చాడు. ముసుగు వేశారు కదండి, లోపల పని చేసుకోవడానికి వీలైంది. వారం నుంచి బస్తాల్ని తిప్పుతున్నానండి. ఏ బస్తా కంప్లైంట్ చెయ్యలేదు."

"సమ్మతి లేకుండా మార్చావా అబ్బులూ?"

"అదేనండి భయం. మీరు ఒక్కమాట అజెండాలో పెడితే అయిపోద్ది కదండి. బేరింగు వచ్చేసింది, పడవ తిరుగుతోంది, ఇంక వాదనెందుకని. ఆపరేటర్లని ఒకటో తారీఖు నుంచి రావద్దంటారని చెప్పుకుంటున్నారండి. నాకు ఈ పడవ తప్ప ఇంకోటి రాదండి."

"పెడతాను," అన్నాను. నిజంగానే పెడదామనుకున్నాను. కానీ పడవ తిరుగుతోందని తెలిస్తే చర్చ ఆగిపోతుంది. చర్చ ఆగిపోతే కండువాలు, కరపత్రాలు, లెటర్‌హెడ్‌లు, 'కార్యదర్శి గారూ' అన్న పిలుపు, అన్నీ ఆగిపోతాయి. ఇవన్నీ అప్పుడు ఇంత విడమరిచి అనుకోలేదు. అజెండాలో స్థలం చాల్లేదని మాత్రం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ శుక్రవారమే కొండబాబు అభిమానం కట్టలు తెంచుకుంది. పడవకి పాలాభిషేకం అన్నాడు. మా ఊళ్లో అభిమానం పాలు పోయనిదే పూర్తి కాదు. సినిమా విడుదలకి పోస్తాం, నాయకుడు గెలిస్తే పోస్తాం. పడవకెందుకు పొయ్యకూడదని అతని వాదన. నియమావళిలో గుడ్డ తీయకూడదని ఉంది కానీ గుడ్డ మీద పాలు పోయకూడదని లేదు. ఎనిమిది మంది నిచ్చెన వేసుకుని ఇరుసు దాకా ఎక్కి, బిందెల కొద్దీ పాలు కుమ్మరించారు. డప్పులు మోగాయి. పాలు గుడ్డలోంచి కారి ఇరుసులోకి, ఇరుసులోంచి బేరింగులోకి దిగాయి. కింద నిలబడిన అబ్బులు రెండు చేతులూ ఎత్తి "వద్దు బాబూ, వద్దు" అంటున్నాడు. పై నుంచి చూసినవాళ్లకి అతను దణ్ణం పెడుతున్నట్టు కనిపించింది. ఇంకో రెండు బిందెలు పోశారు.

మర్నాటికి గ్రీజు పులిసి పెరుగన్నంలా అయింది. మే నెల ఎండ. చీమలు బైపాస్ అవతల నుంచి కూడా వచ్చాయి.

"ఎందుకు చేశావు కొండబాబూ?" అని అడిగాడు అబ్బులు.

"ప్రేమ మావయ్యా," అన్నాడు కొండబాబు. అతని కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. వాడు అబద్ధం చెప్పలేదు, అదే వచ్చిన చిక్కు.

అబ్బులు మూడు రోజులు కిరసనాయిలుతో, వేణ్ణీళ్లతో, పాత టూత్‌బ్రష్షులతో బేరింగు కడిగాడు. ఇది నేను చూశాను, చూసి షాపుకి వెళ్లిపోయాను. పెద్ద సభ కరపత్రాలు అర్జంటు.

పెద్ద సభ ఎందుకంటే సంస్థ నుంచి నిర్ణయం వచ్చింది. విశ్వపతి గారు నిలబడి చదివారు. 'యంత్రములు నిశ్చలముగా ఉన్న కాలమందే సందర్శకుల సంఖ్య గరిష్ఠ స్థాయికి చేరినందున, సప్తసాగర్‌ను దేశములో తొలి చర్చా విహారముగా అభివృద్ధి పరచుటకు నిర్ణయించడమైనది. యంత్రములను తుక్కు క్రింద తొలగించి శాశ్వత సభామందిరము నిర్మించబడును. ఆపరేటర్ల సేవలు ఒకటవ తేదీ నుండి అవసరము లేదు.' దీనికి అభిమానుల సమ్మతి కావాలి. అందుకని ఆదివారం సాయంత్రం సభ. అంశం, కొలంబస్‌ని మొదట తుక్కుకి వెయ్యాలా, చివర వెయ్యాలా. వెయ్యకూడదన్న మాట ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. అజెండా అప్పటికే ప్రింటయిపోయింది.

జనం రెండు వేలు దాటారు. ఫుడ్ కోర్టు సరిపోలేదు. ఖాళీ స్థలం ఉన్నది కొలంబస్ ముందే. వేదిక కావాలి. విశ్వపతి గారు నియమావళి తిరగేసి, కళ్లద్దాలు తీసి తీర్పు చెప్పారు. "కదలని పడవ యంత్రం కిందికి రాదు, ఫర్నిచర్ కిందికి వస్తుంది. ముసుగు తీయవచ్చు."

అలా సంఘంలో ముఖ్యులం నలభై మందిమీ పడవ ఎక్కి కూర్చున్నాం. అటు చివర టీచరు గారు, జెయింట్ వీల్ వాళ్లు. ఇటు చివర కొండబాబు బృందం. మధ్యలో విశ్వపతి గారూ, ఒళ్లో మినిట్స్ పుస్తకంతో నేనూ. మంచువాళ్లు, పాతాళంవాళ్లు ఖాళీల్లో సర్దుకున్నారు. అబ్బులు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఒళ్లో ఇనుప కడ్డీ దించి, గట్టిగా లాగి చూశాడు.

"ఇదెందుకయ్యా?" అన్నారు టీచరు గారు.

"వేదిక ఎత్తుగా ఉంది కదమ్మా. ఆవేశంలో జారిపోకుండా."

నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక క్షణం ఆగాడు. "అజెండాలో పెట్టారాండి?" అని మెల్లగా అడిగాడు. నేను పుస్తకంలోకి చూశాను. అతను తల ఊపి, కడ్డీ ఇంకోసారి లాగి చూసి కిందికి దిగిపోయాడు. జేబులోంచి నూనెగుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు.

విశ్వపతి గారు మైకు ముందుకి వంగి, "ఈ చారిత్రక ఘట్టంలో, మన పార్కు ముందుకు సాగవలసిన..." అన్నారు. మైకు ఠక్కున ఆగిపోయింది. మైకుకీ పడవకీ ఒకటే స్విచ్‌బోర్డు. కింద మోటారు మూలిగింది. ఫర్నిచర్ కదిలింది.

మొదటి ఊపుకి ఎవరికీ అర్థం కాలేదు. రెండో ఊపుకి అర్థమైంది. మూడో ఊపుకి టీచరు గారి కండువా ఎగిరి పాతాళంవాళ్ల మీద పడింది. విశ్వపతి గారు కళ్లద్దాలు తీయబోయారు, అవి అప్పటికే లేవు. కొండబాబు అమ్మా అన్నాడు. నేను పైకి లేచినప్పుడు బైపాస్ కనిపించింది, చెరకు తోటలు కనిపించాయి, ఇంకా దూరంగా సముద్రం ఒక గీతలాగ కనిపించింది. ఆ తరవాత కడుపులో పదకొండేళ్ల కిందటిదే ఏదో జారింది. నేను అరిచాను. భయమేసి కాదు, సంతోషం పట్టలేక అరిచాను. ఇన్నాళ్లూ ఏ పార్కుకైతే అభిమానినని చెప్పుకున్నానో ఆ పార్కుని అప్పుడు చూశాను.

పడవ నుంచి ఒక్క కిర్రుమనే చప్పుడు రాలేదు. కేకలన్నీ మనుషులవే.

కింద రెండు వేల మంది గొంతు కలిపారు. నాలుగు నెలలుగా ముసుగులు చూసిన జనం. ఎవరో వెళ్లి కప్పు సాసర్ల గుడ్డ లాగేశారు. ఇంకెవరో టాయ్ ట్రైనుది. అప్పటికే కౌంటరు ముందు వరస మొదలైంది.

అబ్బులు పడవ ఆపాడు. అంతా కడ్డీలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాం. విశ్వపతి గారి జుట్టు నిటారుగా నిలబడింది. ఆయన గొంతు సర్దుకుని, "అబ్బులూ, ఫర్నిచర్‌ని అనుమతి లేకుండా కదిలించినందుకు సంజాయిషీ..." అని మొదలుపెట్టారు.

"మళ్లీ తిప్పు," అన్నారు విజయభారతి టీచరు. జెయింట్ వీల్ వర్గం అధ్యక్షురాలు. మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. "ఏమయ్యా అబ్బులూ, నీకే చెప్పేది. మళ్లీ తిప్పు."

కొండబాబు, పాలిపోయిన మొహంతో, చెయ్యెత్తి బలపరిచాడు. మంచు, పాతాళం బలపరిచాయి. నాలుగు వర్గాలూ ఏకగ్రీవం. సంఘం చరిత్రలో వాదన లేకుండా నెగ్గిన మొదటి తీర్మానం అదే. నేను మినిట్స్ పుస్తకం తెరిచి, ఎవరూ అడగకుండానే, 'కొలంబస్‌కి బేరింగ్ మార్చుటకు అభిమానుల సంపూర్ణ సమ్మతి లభించినది, తుక్కుకు వేయుటకు లభించలేదు' అని రాసి, సంతకం పెట్టి, విశ్వపతి గారి చేతిలో పెట్టాను. ఆయన చదువుకోలేకపోయారు. కళ్లద్దాలు లేవు. సంతకం మాత్రం పెట్టారు.

"ముందు అందరూ దిగండి," అన్నాడు అబ్బులు. "ఇప్పుడు తిరిగింది సంఘం సభ. ఇంకోసారి తిరగాలంటే టికెట్టు తీసుకోవాలండి."

సంఘం పుట్టాక మొదటిసారి మేమంతా కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డాం. ఆ రోజు ముసుగు వైపు మెడ ఎత్తి చూసిన మనవరాలు నాకంటే ముందుంది. కానీ మేము మేమే కదా. వరస సగం కదిలేసరికి పడవకి ముందు చివర బాగుంటుందా వెనక చివర బాగుంటుందా అని టీచరు గారు అన్నారు. వెనకే అని కొండబాబు అన్నాడు. దీని మీద ఒక ఉపసంఘం వేస్తే బాగుంటుందని విశ్వపతి గారు దూరం నుంచి అన్నారు. అలవాటు చొప్పున నా చెయ్యి కూడా పెన్ను కోసం జేబులోకి వెళ్లింది.

అబ్బులు గంట కొట్టాడు.

"ఎక్కేవాళ్లు ఎక్కండి. మాట్లాడుకునేవాళ్లు పక్కకి జరగండి."

పుస్తకం కౌంటరు మీద వదిలేసి ఎక్కాను.